దూరమున నుండి కూడి పాడవచ్చునా?

ధ్యానభాగములు: 2 దినవృత్తాంతములు 5:11–14, 1 కొరింథీయులకు 12:14–26



సొలొమోను కట్టించిన మందిరములోనికి మందసమును తెచ్చిన దినమున ఆసాపు, హేమాను, యెదూతూను అనువారును వారి బంధువులును వాద్యములు పట్టుకొని బలిపీఠమునకు తూర్పున నిలువబడిరనియు, వారితో కూడ 120 మంది యాజకులు బూరలు ఊదిరనియు మనము చదువుచున్నాము. ఇంతమంది పాడి వాయించినను వినినవారికి అది ఒక్కరి స్వరమువలె తోచెనట. మేము సెమినరీలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులొకరు ఈ భాగమును బోధించుచు, వారు ఏమి పాడిరో మాత్రమే గాక ఎక్కడ నిలిచిరో కూడ వ్రాయబడియున్నది చూడుడి, ఒక్క స్వరము రావలెనన్న ఒక్క చోట నిలువవలెను అని చెప్పిరి. ఆ మాటను మేము చాల కాలము సందేహింపక నమ్మితిమి. 2020వ సంవత్సరములో ఆ నమ్మికకు పరీక్ష వచ్చెను.

ఆ యేడు మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ వచ్చుట మీకందరికిని జ్ఞాపకమే. మందిరమునకు తాళము వేసి, తాళపుచెవిని మా ఇంటిలో మేకునకు తగిలించితిమి. పాట పాడుకొన్నంతమాత్రమున అపాయమేమియని కొందరు పెద్దలు అడిగిరి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో స్కాజిట్ లోయకు చెందిన ఒక గాయకబృందము 2020 మార్చి 10న ఒక చర్చి హాలులో కూడుకొని రెండున్నర గంటలు పాటలు అభ్యసించెను. వచ్చినవారు 61 మంది. వారిలో 53 మంది జబ్బుపడిరి, ఇద్దరు మరణించిరి. వారు చేసిన తప్పేమియు లేదు, కూడి పాడిరి, అంతే. అట్టి కాలము అది.

మా సంఘములో కీబోర్డు వాయించు యువకుడొకడు కలడు. హైదరాబాదులో ఉద్యోగము, ఆ దినములలో ఇంటికి వచ్చి చిక్కుకొనెను. “అయ్యగారూ, ఈస్టరుకి ఎవరిళ్లల్లో వాళ్లు పాడి పంపిస్తే నేను కలుపుతానండి” అనెను. ఎదురెదురుగా వీడియో కాలులోనే పాడగూడదా అని మేమడిగితిమి. ఒక సాయంకాలము ప్రయత్నించి చూచితిమి కూడ. మేము పల్లవి ముగించుసరికి అవతలివారు ఇంకను సగములో నుండిరి. వారికొరకు మేము ఆగితిమి. మేమాగితిమని వారును ఆగిరి. అంతట పాటయే ఆగిపోయెను, పిల్లలు నవ్విరి.

దానికి కారణమును ఆ యువకుడు మాకు చెప్పగా మేము తరువాత చదివి గ్రహించితిమి. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. అనగా మందిరములో 10 మీటర్ల దూరమున నిలిచినవాని గొంతు మన చెవికి చేరుటకు సెకనును వేయి భాగములు చేసినయెడల 30 భాగములు పట్టును. వాద్యగాండ్రు ఆ మాత్రపు ఆలస్యమును ఓర్చుకొందురు గాని అది ఇంకను పెరిగినచో ఒకరికొరకు ఒకరు వేచి లయను క్రమముగా జారవిడుతురు. ఇంటర్నెట్టు తీగెలలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గాని అమెరికాలోని డల్లాసు హైదరాబాదునకు 13,000 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. ఆ దూరమును దాటుటకే అట్టి భాగములు 65కు పైగా పట్టును. ఇక ఫోను మన మాటను మూటగట్టి పంపుటకును, అవతలి ఫోను ఆ మూటను విప్పుటకును పట్టు ఆలస్యము దీనికి అదనము. మా వీధికిని ప్రక్క వీధికిని మధ్య దూరము ఏపాటిది? అయినను ఫోనులు మూటగట్టి విప్పుటలోనే మా పాట చెడిపోయెను. ఈ ఆలస్యమును తగ్గించుటకు జామ్యులస్ అనియు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి జాక్‌ట్రిప్ అనియు కొన్ని సాఫ్ట్‌వేరులు కలవు. ఒక పట్టణములోనివారు మంచి తీగె కనెక్షనుతో వాటిద్వారా ఒకే వేళ వాయించుకొనవచ్చును. మా ఊరిలో ఆ కనెక్షను లేదు.

గనుక అందరును ఒకే వేళ పాడుట మానుకొని, ఒకరి తరువాత ఒకరు పాడుటకు నిర్ణయించుకొంటిమి. ఆ విధానమును కొంచెము వివరింపవలెను, ఏలయనగా మా ప్రశ్న అందులోనే యున్నది. మొదట ఆ యువకుడు కీబోర్డుమీద కీర్తన వరుసను వాయించి, దానితో గడియారపు టిక్కువంటి లయశబ్దమును చేర్చి, వాట్సాపులో 14 మందికి పంపెను. ప్రతివారును ఒక ఫోనులో దానిని ఇయర్‌ఫోనులద్వారా వినుచు, రెండవ ఫోనులో తమ గొంతును మాత్రము రికార్డు చేయవలెను. పాటకు ముందు ఒక్కసారి చప్పట్లు కొట్టవలెను. కంప్యూటరు తెరమీద ఆ చప్పట్లు నిలువుగా పాతిన మేకువలె కనబడును. అన్ని మేకులను ఒక వరుసకు తెచ్చినయెడల 14 గొంతులును ఒక్కసారి ఎత్తుకొన్నట్లుండును. అటుపిమ్మట ఒక గొంతును హెచ్చించుట, ఒకదానిని తగ్గించుట, శ్రుతి తప్పినచోట సరిచేయుట, అవసరము లేని మ్రోతను తీసివేయుట, వీటన్నిటిని కలిపి మిక్సింగు అందురు. (మన పిల్లలు దీనిలో ఎకో ఎక్కువ పెట్టుదురు. మాకది నచ్చదు. ఏ పాటయైనను బావిలో పాడినట్లుండును.)

ఇది క్రొత్త విద్య కాదు. 1941లోనే సిడ్నీ బెషే అను అమెరికా వాద్యకారుడు ఆరు వాద్యములను ఒకదానిమీద ఒకటిగా తానొక్కడే వాయించి రికార్డు చేసెను. నేడు సినిమాలలో యుగళగీతము పాడు ఇద్దరు తరచుగా వేర్వేరు దినములలో వచ్చి పాడిపోవుదురు. అయితే వేలమంది ఇండ్లనుండి పాడిన పాటలకు ప్రసిద్ధి తెచ్చినవాడు ఎరిక్ విటేకర్ అను అమెరికా స్వరకర్త. 2010లో 12 దేశములనుండి 185 మంది, 2020లో 129 దేశములనుండి 17,572 మంది ఆయన కూర్చిన పాటలను ఎవరి గదిలో వారు పాడి పంపిరి. మొదటి పాటకు ఆయన చేసిన పని మమ్మును ఆలోచింపజేసెను. గాయకులు చూచి పాడుటకు వీలుగా, ఎవరును లేని చోట, ఏ శబ్దమును లేకుండ, పాటను మనస్సులో మాత్రము వినుచు ఆయన చేతులాడించి వీడియో తీయించుకొనెను. చేతిని చూచి పాడువారు కలరు. ఆ పాటను విని చేతిని మార్చుకొనుటకు మాత్రము ఆయనకు వీలులేదు. ఈ సంగతికి మేము మరల వచ్చెదము.

ఇప్పుడు మా పాటకు వచ్చెదము. ఆ 14 మందిలో ఒక వృద్ధురాలు కలదు. 70 యేండ్లు దాటినవి. ఊరంతయు ఆమెను మామ్మ అని పిలుచును. కీర్తన ఎత్తుకొనుటలో అందరికంటె ముందు, ముగించుటలో అందరికంటె వెనుక. ఆమె కుమార్తె కువైటులో ఒక ఇంటిలో పనిచేయుచు అప్పటికి ఆరు సంవత్సరములుగా ఊరికి రాలేదు. “మీరూ మీ అమ్మాయీ కలిసి పాడతారమ్మా” అని చెప్పి మామ్మను ఒప్పించినది మేమే. ఆ కుమార్తె, యజమానులు పండుకొనిన తరువాత సామానుల గదిలో తలుపు వేసికొని, మెల్లని గొంతుతో పాడి పంపెను. దానిలో ఫ్రిజ్జు మ్రోత వినబడుచుండెను. ఆ యువకుడు ఆ మ్రోతను చక్కగా తీసివేసెను.

ఈస్టరునకు రెండు దినములముందు రాత్రి అతడు మాకు ఫోను చేసెను. “మామ్మగారి గొంతు కలవడంలేదండి. టిక్కు వినకుండా పాడేశారు. ఏం చేయమంటారు?” అనెను. మేము పండుగ ప్రసంగము వ్రాసికొనుచుంటిమి. “నీకెట్లా బాగుంటే అట్లా చెయ్యి బాబూ” అని ఫోను పెట్టివేసితిమి.

ఏప్రిల్ 12న ఈస్టరు ఉదయమున ఆ పాట ఇంటింట మ్రోగెను. ప్రక్క ఊళ్లవారు కూడ మెచ్చుకొనిరి. మేము పాడిన చరణము మాకే ఆశ్చర్యము కలిగించెను. మా జీవితములో ఎన్నడును మేమంత శ్రుతిగా పాడలేదు. మేము గర్వముగా రెండవసారి వినుచుండగా మా ఇంటివారు వంటయింటినుండి, “అది మీ గొంతు కాదండీ” అని నవ్విరి.

ఆ వారములోనే బియ్యము పంచుటకు మామ్మ ఇంటికి వెళ్లితిమి. అరుగుమీద కూర్చుండి, ప్రక్కింటి పిల్లవాని ఫోను చెవికి ఆనించుకొని యుండెను. “అయ్యగారూ, మా అమ్మాయి గొంతు ఇక్కడ తెలుస్తోంది. నాది ఎక్కడుందండీ?” అని అడిగెను.

“అందరిలో కలిసిపోయిందమ్మా” అంటిమి.

అది అబద్ధము. ఆమె గొంతు ఆ పాటలో లేదని మాకు తెలియును. మామ్మ మరల మొదటినుండి పెట్టమని పిల్లవానిని అడుగుచుండగా మేము లేచి వచ్చితిమి.

మేము ఆ యువకునితో మాటలాడితిమి. అతడు తెలివిగలవాడు, చెప్పిన సమాధానములు కొట్టివేయదగినవి కావు. మొదట మలాకీ గ్రంథమును ఎత్తెను. కుంటిదానిని, గ్రుడ్డిదానిని బలిగా తేవద్దని ప్రవక్త చెప్పలేదా, మనకున్నవాటిలో శ్రేష్ఠమైనదానినే దేవునికి అర్పింపవలెను గదా అనెను. పిమ్మట అతడనిన మాట మమ్మును పొడిచెను. “గుడిలో మాత్రం మామ్మగారికి ఎప్పుడైనా మైకు ఇచ్చామా అండీ? బాగా పాడే నలుగురినే కదా మైకు ముందు నిలబెడతాం. నేను చేసింది కూడా అదే.”

ఆ దినమున మాకు జవాబు తోచలేదు. మందిరము మూసియుండెను గాని, సంఘము పాడిన విధమును జ్ఞాపకము చేసికొనుచు కొన్నాళ్లు ఆలోచించితిమి. మైకు లేనిమాట నిజమే. అయినను మామ్మ కూర్చుండు చాపమీద ఆమె ప్రక్కనున్నవారు ఆమెను వినుచునే యుందురు. చరణము చివర ఆమె సాగదీయునప్పుడు చాపమీదివారు సాగదీయుదురు, వారినిబట్టి డోలకు వాయించువాడు ఒక దెబ్బ ఆగును, అతనినిబట్టి మైకు ముందున్న నలుగురును ఊపిరి తీసికొందురు. ఇది మేము ఎవరికిని నేర్పలేదు. ఎన్నో యేండ్లుగా మాకు తెలియకయే మా సంఘము ఆమెకొరకు ఆగుచున్నది. ఈస్టరు పాటను మరల వినినప్పుడు ఆ లోటు మాకు తెలిసెను. ప్రతి చరణమును కత్తితో కోసినట్లు ముగియుచున్నది.

మా ఉపాధ్యాయుల మాటలోని అర్థము కొంతవరకు మాకు అప్పుడు బోధపడెను. ఒక్క చోట నిలుచుట ముఖ్యము కాదు, ఒకరి గొంతునుబట్టి మరియొకరి గొంతు మారుట ముఖ్యము. మందిరములో నేను నీకు లోబడుదును, అదే క్షణమున నీవును నాకు లోబడుదువు. దూరమున నుండి పాడు పాటలో వినుట ఒక ప్రక్కకే సాగును. కీబోర్డు వాయించినవాడు ఎవరిని వినలేదు. రెండవవాడు కీబోర్డును వినెను. ఆఖరువాడు కావలెనన్న అందరిని వినును గాని అతనిని ఎవరును వినలేదు. శూన్యములో చేతులాడించిన ఆ స్వరకర్త స్థితియు అదియే. ఇక పాడినవారు ఒకరికొకరు చేసికొనవలసిన సర్దుబాటు అంతయు మిక్సింగు చేయువాని ఒక్క చేతిలోనికి వచ్చినది. ఫ్రిజ్జు మ్రోతను తీసిన చేయియే మామ్మ గొంతునుకూడ తీసివేయగలదు, ఆ రెంటికిని పట్టు శ్రమ ఒక్కటే. గాయకబృందపు నాయకుడు శ్రుతి తప్పువానిని వెనుక వరుసకు పంపవచ్చును, నెమ్మదిగా పాడుమని చెప్పవచ్చును. అది కఠినమే. అయినను ఆ మనుష్యుడు దానిని ఎరుగును. మామ్మ ఎరుగదు.

అయితే దీనినిబట్టి ఈ పని యంతయు మోసమని మేము తీర్పు తీర్చము. మాకు తెలిసిన ఒకరు ఇట్టి పాటలన్నియు బొమ్మ భోజనములని ప్రసంగములో కొట్టివేసిరి. ఆ మాట కువైటులో సామానుల గదిలో పాడిన ఆ కుమార్తె విని యుండిన ఏమి చెప్పియుండునో! లాక్‌డౌన్ లేకపోయినను ఆమె మా చాపమీదికి రాగలిగినది కాదు. యోహాను తన రెండవ పత్రికను ముగించుచు, సిరాతో వ్రాయుట చాలదు, ముఖాముఖిగా మాటలాడవలెనని కోరెను. అయినను ఆ పత్రికను వ్రాసి పంపెను. ఉత్తరమును ఎవరును కలిసికొనుట అని పిలువరు గనుక ఉత్తరములో మోసము లేదు. ఈ పాటయు అట్టి ఉత్తరమే, 14 మంది చేరి వ్రాసినది. రోమీయులకు వ్రాసిన పత్రికను పౌలు చెప్పగా తెర్తియు అనువాడు వ్రాసెను, చివర తన వందనమును కూడ చేర్చుకొనెను. అతని అక్షరములు వంకరగా నుండెనో అందముగా నుండెనో మనకు తెలియదు. చెప్పినవానికి తెలియకుండ ఒక పంక్తిని విడిచిపెట్టియుండిన మాత్రము అది వేరు సంగతి.

శ్రుతి సరిచేయుటనుగూర్చి మేమింకను నిశ్చయమునకు రాలేదు. హార్మోనియము కూడ ఒక ఊతకఱ్ఱయే గదా అని ఆ యువకుడనును. ఆ ఊతకఱ్ఱ అందరికిని కనబడుచున్నది, ఇది కనబడదని మేమందుము. మా గొంతును మాత్రము ఇకమీదట సరిచేయవద్దని చెప్పితిమి. మలాకీ మాటకు మా జవాబు ఇది. ఆ ప్రవక్త మందలో మంచి గొఱ్ఱె యుండగా దానిని దాచుకొని రోగపుదానిని తెచ్చినవారిని గద్దించెను. మామ్మ దేనిని దాచుకొనలేదు, తనకున్న గొంతు అంతయు పంపెను.

మే నెలలో మేము మామ్మ యొద్దకు వెళ్లి జరిగినది చెప్పితిమి. కలిసిపోయినదని మేము చెప్పినది నిజము కాదనియు, ఆమె గొంతును తీసివేసితిమనియు, దానికి సెలవిచ్చినది మేమేననియు చెప్పితిమి. ఆమె కొంతసేపు కొంగు చివరను మడతపెట్టుచు కూర్చుండెను. పిమ్మట ఒకే మాట అడిగెను. “మా అమ్మాయికి చెప్పారా అండీ? అది నాతో కలిసి పాడాననుకుంటోంది.”

ఆ సంగతి మాకు తట్టనే లేదు. మేము అబద్ధమాడినది ఒకరితో అనుకొంటిమి, ఇద్దరితో ఆడియుంటిమి. ఆ రాత్రియే కువైటుకు వాట్సాపులో మాట రికార్డు చేసి పంపితిమి. మరుసటి దినము ఆమె జవాబు వచ్చెను. కోపపు మాట ఒక్కటియు లేదు. తల్లి పాడినది విడిగా దాచియున్నయెడల తనకు పంపుడని కోరెను. అదృష్టవశమున ఆ యువకుడు దానిని చెరిపివేయలేదు. ఉన్నది ఉన్నట్లు, చప్పట్లతోను, వెనుక కోడి కూతతోను పంపించెను.

ఆ యేడు క్రిస్మసునకు మరల ఒక కీర్తన ఈ విధముగా పాడవలెనని అనుకొనినప్పుడు, మొదట ఎవరు పాడవలెనని చర్చ వచ్చెను. ఈ విధానములో మొదట పాడువారు ఎవరికిని లోబడరు, తరువాత వచ్చువారందరు వారికి లోబడవలెను. అయినచో బలహీనమైన అవయవమునే మొదట పెట్టుదమని మేము చెప్పితిమి. ఆ యువకుడు తల పట్టుకొనెను. టిక్కు లేని పాటమీద తబలా ఎట్లు వాయించుట? తబలా వాయించువాడు మామ్మ పాటను 20 సార్లు వినవలసి వచ్చెను, ఎక్కడ సాగదీయునో చీటీమీద గుర్తులు పెట్టుకొనెను. పాట మునుపటికంటె ఒక నిమిషము పొడుగైనది. కొందరు నీరసముగా నున్నదనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు.

మామ్మ గొంతును పంపిన తరువాత అందరికంటె ముందు తిరిగి వచ్చినది కువైటునుండి, అదే రాత్రి. ఆమెకు గుర్తులు పెట్టిన చీటీ అవసరము లేకపోయెను. తల్లి ఊపిరి తీసికొన్న ప్రతి చోటను తాను ఊపిరి తీసికొని పాడెను. ఆ రెంటిని ఒక వరుసకు తెచ్చుటకు తానేమియు చేయవలసిన పని లేకపోయెనని ఆ యువకుడు మాతో చెప్పెను. ఫ్రిజ్జు మ్రోతను ఈసారి ఉంచవలెనా తీయవలెనా అని అడిగెను. తీయుమంటిమి.